పొగకి నొప్పి ఉండదు

ఒక ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో అడ్డంగా ఒక పలక. పలకకి ఒక పక్క మంచి మట్టి, రెండో పక్క అనుమానం ఉన్న మట్టి. పలక తీసేసి, రెండు మట్టులూ కలిసే గీత మీద పది వానపాముల్ని వదులుతారు. 48 గంటలు ఆగి, మళ్ళీ పలక దించి, ఏ పక్క ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఇలాంటి డబ్బాలు కొన్ని పెట్టి సగటు తీస్తారు. అంతే పరీక్ష. ఐఎస్ఓ 17512 అని దీనికో నంబరు కూడా ఉంది. అనుమానపు మట్టిలో ఉన్నవి 20 శాతం కంటే తక్కువైతే, ఆ మట్టి జీవులు కాపురం ఉండటానికి తగినట్టు లేదని రిపోర్టులో రాస్తారు.

మొదటిసారి దీని గురించి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. మట్టిలో సీసం ఉందా, కాడ్మియం ఉందా, జింకు మోతాదు మించిందా అని ఆ మట్టిలో బతికేవాళ్ళనే అడుగుతున్నారు. నచ్చితే ఉంటాయి, నచ్చకపోతే పక్కకి జరుగుతాయి. ఒక రకంగా ఓటింగ్. కానీ ఇది ఆ కుటుంబంలో చిన్నది, మర్యాదస్తురాలు. దీని పెద్దక్క పేరు ఓఈసీడీ 207. 1984 నాటిది. అందులో పది శాతం పీట్, ఇరవై శాతం కయొలిన్ బంకమన్ను, మిగిలింది దాదాపుగా ఇసుక కలిపి కృత్రిమంగా ఒక మట్టి తయారుచేస్తారు. దానికి పరీక్షించాల్సిన పదార్థాన్ని రకరకాల మోతాదుల్లో కలిపి, వానపాముల్ని వదిలి, 14 రోజుల తర్వాత ఎన్ని బతికున్నాయో చూస్తారు. ఎంత మోతాదులో సగం చచ్చిపోతాయో ఆ అంకెని ఎల్‌సి50 అంటారు. మందుల మోతాదుల కోసం జె. డబ్ల్యూ. ట్రెవాన్ 1927లో ప్రతిపాదించిన 'సగం చావు' లెక్కకి ఇది మట్టిలో బంధువు.

రెండు పరీక్షల్లోనూ జీవులు అవే. ప్రశ్నలు మాత్రం వేరు. ఒకటి "మీకిక్కడ బాగుందా?" అని అడుగుతుంది. ఇంకోటి "ఎంత వేస్తే మీలో సగం మంది పోతారు?" అని అడుగుతుంది. రెండో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చావడం తప్ప ఇంకో భాష లేదు. నా తికమక అంతా ఇక్కడే. మనకి తెలియాల్సింది చెప్పడానికి ఒక ప్రాణిని వాడుకున్నప్పుడు, ఆ చెప్పడమే దానికి హాని అయినప్పుడు, మనం దానికి ఏమైనా బాకీ పడతామా? పడితే ఆ బాకీ తీర్చేది ఎలా?

* * *

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. ఇంత గొడవెందుకు, మట్టిని ల్యాబుకి పంపితే మెషీన్ చెప్పేస్తుంది కదా? ఘాటైన యాసిడ్‌లో మరిగించి, కిలో మట్టికి ఎన్ని మిల్లీగ్రాముల సీసమో పాయింట్ల తర్వాత అంకెలతో సహా ఇచ్చే మెషీన్లు ఉన్నాయి.

ఉన్నాయి కానీ ఆ మెషీన్ చెప్పేది ఎంత ఉందో. అందులో ఎంత అందుతుందో కాదు. మట్టిలో ఉన్న లోహమంతా ఒక్కలా ఉండదు. కొంత రాతిరేణువుల్లో బిగుసుకుపోయి ఉంటుంది. కొంత బంకమన్నుకి, కుళ్ళిన ఆకుల సారానికి అంటుకుని ఉంటుంది. కొంత మట్టి తడిలో కరిగి తిరుగుతుంటుంది. మట్టి ఆమ్లంగా మారితే చాలావరకు పట్టు వదిలి తడిలోకి దిగుతుంది. వానపాముకి ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. కరిగిన లోహం ఆ చర్మం గుండా లోపలికి పోతుంది. ఇంకో దారి నోరు. అది మట్టిని తింటూ, విసర్జిస్తూ కదులుతుంది కాబట్టి బయటి నుంచీ లోపలి నుంచీ మట్టితో దానికి గోడ లేదు. యాసిడ్‌లో మరిగించిన శాంపిల్‌కీ దీనికీ ఉన్న తేడా, ఒక ఊరి జనాభా లెక్కకీ ఆ ఊళ్ళో బతకడానికీ ఉన్న తేడా లాంటిది.

ఈ తేడా ఎంత పెద్దదో బాగా తెలిసిన చోటు ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన ఉన్న ఏవన్‌మౌత్. అక్కడ జింకు, సీసం, కాడ్మియం తీసే పెద్ద స్మెల్టర్ దశాబ్దాల పాటు నడిచింది. 2003లో కరిగించడం ఆపేశారు. పొగగొట్టం నుంచి వచ్చిన లోహపు ధూళి చుట్టుపక్కల మట్టిలో దిగింది. పురుగుమందైతే ఏ కాలానికో కొంతైనా విరిగిపోతుంది. సీసం విరిగిపోవడానికేం లేదు, అది మూలకం. ఎక్కడ పడితే అక్కడ సీసంగానే ఉంటుంది.

ఆ చుట్టుపక్కల మట్టిలో బతికే జీవుల మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. రీడింగ్ యూనివర్సిటీలో స్టీవ్ హాప్కిన్ వుడ్‌లౌస్‌ల మీద చేసిన పని అందులో ముఖ్యమైనది. వుడ్‌లౌస్ అంటే తడి పూలకుండీ కింద, పాత చెక్క కింద కనిపించే, చాలా కాళ్ళున్న బూడిదరంగు జీవి. తిన్న ఆకుచెత్తలోని లోహాన్ని తన జీర్ణగ్రంథిలో గింజల్లా కూడబెట్టుకుంటుంది. తర్వాత 1990ల్లో హాప్కిన్, డేవిడ్ స్పర్జన్ కలిసి వానపాముల వైపు తిరిగారు. స్మెల్టర్‌కి దగ్గరగా వెళ్ళేకొద్దీ వానపాముల రకాలు తగ్గిపోతూ, బాగా దగ్గరైన చోట్ల అసలు లేకుండా పోయాయి. చంపింది ఎవరు? పేరుమోసిన నేరస్థుడు కాడ్మియం, అందరి అనుమానం దాని మీదకే పోతుంది. విడివిడిగా పరీక్షలు పెట్టి చూస్తే తేలింది జింకు. కాడ్మియం గ్రాముకి గ్రాము ఎక్కువ విషమే కావచ్చు, కానీ ఆ మట్టిలో వానపాముల్ని ఆపుతున్నది మాత్రం జింకు. మనం మాత్రల్లో వేసుకునే, వరికి చల్లుకునే జింకు.

ఇంకో సంగతి కూడా తేలింది. జింకు లవణాన్ని తాజాగా కలిపిన ల్యాబు మట్టిలో వానపాములు ఎంత మోతాదుకి దెబ్బతిన్నాయో, స్మెల్టర్ పక్కన ఏళ్ళుగా పాతబడిన మట్టిలో అంత దెబ్బ తినాలంటే దానికి పది రెట్ల పైన కావాల్సి వచ్చింది. అదే జింకు, మెషీన్ దృష్టిలో అదే అంకె. వానపాము దృష్టిలో మాత్రం ఒక్కటి కాదు. ఈ విషయం దాన్ని అడక్కుండా తెలిసేది కాదు.

కాబట్టి అడగడం అనవసరమైన క్రూరత్వం అని కొట్టిపారేయలేం. ఆ ప్రశ్నకి జవాబు దాని దగ్గర మాత్రమే ఉంది.

* * *

అయితే ఆ జవాబు ఏ జాతి జవాబు? మన తర్కశాస్త్రం ఈ విషయంలో నాకు ఇంగ్లీషు కంటే ఎక్కువ పనికొచ్చింది. న్యాయదర్శనం ప్రకారం మనకి జ్ఞానం కలిగే దారులు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. అనుమానం అంటే ఇప్పటి తెలుగులో సందేహం అయిపోయింది గానీ, అక్కడ దాని అర్థం గుర్తుని బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడం. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉంది. శబ్దం అంటే నమ్మదగ్గవాడు చెప్పిన మాట.

వానపాము చావు వీటిలో ఏది? "మట్టి మాట్లాడుతోంది", "వానపాములు సాక్ష్యం చెబుతున్నాయి" లాంటి వాక్యాలు పర్యావరణ వ్యాసాల్లో తరచూ కనిపిస్తాయి. వినడానికి బాగుంటాయి కానీ నిజం కాదు. సాక్ష్యం చెప్పడానికి చెప్పాలన్న ఉద్దేశం ఉండాలి, అబద్ధం చెప్పగలిగే వీలు కూడా ఉండాలి. వానపాముకి రెండూ లేవు. కాబట్టి ఇది శబ్దం కాదు, అనుమానమే. వానపాము ఒక గుర్తు, పొగ లాంటిది.

కానీ ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. నిప్పు వల్ల పొగకి పోయేదేం లేదు. పొగకి నొప్పి ఉండదు. కొండ మీద నిప్పు ఆర్పేశాక పొగకి మేలు జరిగిందని ఎవరూ అనరు. వానపాముకి అలా కాదు. అది ఏ విషయానికి గుర్తో, ఆ విషయం దాని ఒంటికే జరుగుతోంది. సాక్షీ కాదు, వట్టి గుర్తూ కాదు. ఇలాంటిదాన్ని ఏమంటారో శాస్త్రంలో నాకు కనిపించలేదు. మామూలు తెలుగులో మాత్రం మాట ఉంది: బాధితుడు. కాలుష్యానికి సాక్ష్యం కోసం మనం బాధితుణ్ణే తయారుచేస్తున్నాం. ల్యాబులో అయితే కావాలని, లెక్కపెట్టి, సగం చచ్చేదాకా.

దీనికి సమాధానంగా వచ్చే మాట నాకు తెలుసు. వానపాము గురించి ఇంత ఆలోచిస్తే చేప కోసం గాలానికి గుచ్చేటప్పుడు ఏమైంది, ట్రాక్టరుతో దున్నినప్పుడు ముక్కలైనవాటి సంగతేంటి? ల్యాబులో పోయే వందల వానపాముల వల్ల పొలాల్లో లక్షల వానపాములు బతికితే లాభమే కదా? న్యాయమైన ప్రశ్నే. వానపాముకి నొప్పి తెలుస్తుందా అన్నది కూడా తేలని విషయమే. 1979లో దాని నాడీకణాల్లో మన ఒంట్లో నొప్పిని అణిచే ఎండార్ఫిన్ లాంటి పదార్థాల జాడ ఉందని 'నేచర్' పత్రికలో వచ్చింది. అంతమాత్రాన మనలా బాధపడుతుందని అనలేం. బ్రిటన్ 2022లో చేసిన చట్టంలో వెన్నెముక ఉన్నవాటితో పాటు ఆక్టోపస్‌లు, పీతలు కూడా అనుభూతి ఉన్న జీవులే అని ఒప్పుకుంది. వానపాము ఆ గీతకి అవతలే ఉండిపోయింది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మాత్రం, మనిషి కానిది ప్రాణమున్నది ఏదైనా జంతువే అని ఒక్క వాక్యంలో నిర్వచించింది. అక్షరాలా చదివితే అందులో వానపాము కూడా ఉంది. ఆచరణలో ఎవరు చదువుతారన్నది వేరే సంగతి.

నేను నొప్పి మీద పందెం కాయను. నా వాదనకి నొప్పి రుజువు కానక్కర్లేదు. ఒక ప్రాణికి తనదైన మంచీ చెడూ ఉంటే చాలు. ఒక మట్టి దానికి బాగుండటం, ఇంకో మట్టి బాగుండకపోవడం అనే తేడా ఉంటే చాలు. ఆ తేడా ఉందని ఐఎస్ఓ వాళ్ళే నంబరేసి మరీ ఒప్పుకున్నారు. లేకపోతే ఆ పలకా, ఆ డబ్బా దేనికి?

* * *

మనిషి ఇలా వేరే ప్రాణి ఒంటిని వాడుకోవడం కొత్త కాదు. బొగ్గుగనుల్లో కెనరీ పిట్టల కథ అందరికీ తెలిసిందే. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త సలహాతో మొదలైన ఆ పద్ధతి బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కి మనిషి కంటే ముందు పిట్ట పడిపోతుంది. అంతగా తెలియని సంగతి ఒకటుంది. ఆ పంజరాల్లో కొన్నిటికి పైన చిన్న ఆక్సిజన్ సిలిండర్ బిగించి ఉండేది. పిట్ట సొమ్మసిల్లగానే తలుపు మూసి, వాల్వు తిప్పి, దాన్ని మళ్ళీ బతికించేవాళ్ళు. మరుసటి రోజు మళ్ళీ గనిలోకి తీసుకెళ్ళడానికే కావచ్చు. అయినా ఆ సిలిండర్‌లో నాకు ఒక ఒప్పుకోలు కనిపిస్తుంది: నువ్వు నాకు ఏదో చెప్పావు, కాబట్టి నేను నీకేదో చెయ్యాలి.

పిట్ట పడిపోగానే గనివాళ్ళు చేసే రెండో పని ఇంకా ముఖ్యం. వాళ్ళు బయటికి వచ్చేసేవాళ్ళు. పిట్ట జవాబుకీ మనిషి కాలికీ మధ్య కమిటీ లేదు.

నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ పిట్ట పేరు రోజూ వినిపిస్తుంది. కొత్త కోడ్‌ని ముందు ఐదు శాతం యూజర్ల మీదకి వదిలి, ఏం పగలకపోతే మిగతావాళ్ళకి ఇవ్వడాన్ని కెనరీ డిప్లాయ్‌మెంట్ అంటాం. ఆ ఐదు శాతంలో తాము ఉన్నామని వాళ్ళకి తెలియదు. తెలియకపోయినా పర్వాలేదు అనుకోవడానికి కారణం, ఎర్రర్లు పెరిగితే ఐదు నిమిషాల్లో వెనక్కి తీసేస్తాం అన్న హామీ. రోల్‌బ్యాక్ లేని కెనరీ డిప్లాయ్‌మెంట్‌ని నేను ఎక్కడా చూడలేదు. అలా చేస్తే దానికి వేరే పేరు పెట్టాలి.

మట్టి విషయంలో చూస్తే ఆ ఐదు శాతం ఇంకో రూపంలో ఎదురవుతుంది. చాలా జాతుల మీద పరీక్షలు చేసి, ఏ జాతి ఎంత తట్టుకుంటుందో ఒక గ్రాఫులో పేర్చి, 95 శాతం జాతులకి హాని చెయ్యని మోతాదుని ప్రమాణంగా పెట్టుకునే పద్ధతి ఒకటి 1980ల్లో నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకుంది. ఆ అంకెని హెచ్‌సి5 అంటారు. మిగిలిన ఐదు శాతం జాతులు ఏవి, వాటి గతేంటి అని ఆ అంకె చెప్పదు. సున్నా పెట్టుకోవడం కుదరదు, ఎక్కడో ఒక చోట గీత గియ్యాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ ఐదు ప్రకృతిలో దొరికిన అంకె కాదు, బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్న అంకె. సైన్సు చేసే పని ఆ గ్రాఫుతో అయిపోతుంది. ఐదు దగ్గర మొదలయ్యేది నీతి.

* * *

ఇక సాక్షిని ఎవరు ఎంచారన్న సంగతి. ప్రపంచమంతా ఈ పరీక్షల్లో ఎక్కువగా వాడే వానపాము ఐసీనియా ఫెటిడా. మనకి తెలిసినదే, వర్మీకంపోస్టు తొట్లలో కనిపించే ఎర్రటి రకం. ల్యాబులో తేలిగ్గా పెరుగుతుంది, త్వరగా పిల్లలు పెడుతుంది, ఎక్కడ కొన్నా ఒక్కలాగే ఉంటుంది. ఒకే ఒక్క చిక్కు. దాని ఇల్లు పేడకుప్పలు, కుళ్ళుతున్న చెత్త. పొలం మట్టి దాని ఊరు కాదు. పొలం మట్టిలో నిజంగా బతికే కొన్ని రకాలు దానికంటే ముందే దెబ్బతింటాయి. ఊళ్ళో గొడవకి ఆ ఊళ్ళో లేనివాణ్ణి, పిలిస్తే వెంటనే వచ్చేవాణ్ణి సాక్షిగా పిలిచినట్టు. ఈ లోపం శాస్త్రవేత్తలకి తెలుసు. అందుకే స్ప్రింగ్‌టెయిల్స్, ఎన్‌కిట్రేయిడ్ అనే సన్నటి తెల్ల పురుగులు కూడా తర్వాత పరీక్షల్లోకి వచ్చాయి.

దీనికంటే నన్ను ఎక్కువ కదిలించింది ఇంకో ఉదాహరణ. ఇంగ్లండులోనే డెవన్ ప్రాంతంలో డెవన్ గ్రేట్ కన్సోల్స్ అని పాత గని ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో రాగికి, తర్వాత ఆర్సెనిక్‌కి ప్రపంచంలోనే పేరున్న గని. మూతబడి వందేళ్ళు దాటినా అక్కడి మట్టిలో ఆర్సెనిక్ భయంకరంగా ఉంది. తవ్వి చూస్తే వానపాములు ఉన్నాయి! లుంబ్రికస్ రుబెల్లస్ అనే రకం. శుభ్రమైన చోటి నుంచి అదే రకాన్ని తెచ్చి అంత ఆర్సెనిక్‌లో వేస్తే తట్టుకోలేకపోయాయి. గని వానపాములు తట్టుకున్నాయి. తరాల తరబడి తట్టుకోగలిగినవే మిగిలి, తట్టుకోలేనివి పోయి ఉండాలి.

స్ప్రింగ్‌టెయిల్స్‌లోనూ ఇదే కథ. ఆర్కెసెల్లా సింక్టా అనే రకం తిన్న కాడ్మియంని పేగు లోపలి పొరలో పట్టి ఉంచి, కుబుసం విడిచిన ప్రతిసారీ ఆ పొరని కూడా విడిచేస్తుంది. లోహం నిండిన మట్టిలో తరాలుగా ఉన్నవి ఈ విద్యలో ఆరితేరాయి. చూస్తే ఆరోగ్యంగానే గెంతుతుంటాయి.

ఇప్పుడు మళ్ళీ తర్కశాస్త్రం. పొగని బట్టి నిప్పు ఉందనాలంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండాలి. దాన్ని వ్యాప్తి అంటారు. "వానపాములు ఉన్నాయి కాబట్టి మట్టి బాగుంది" అన్న వాదనకి డెవన్‌లో వ్యాప్తి తెగిపోయింది. "లేవు కాబట్టి విషం ఉంది" అన్నదీ ఎప్పుడూ నిలవదు, మట్టి ఎండిపోయినా అవి ఉండవు. ఇక నిప్పు ఉన్నా పొగ లేకపోవడానికి మన తార్కికులు ఇచ్చిన పాత ఉదాహరణ కాలిన ఇనపగుండు. ఎర్రగా కణకణలాడుతుంటుంది, పొగ మాత్రం రాదు. తడికట్టె తోడైతేనే పొగ. ఆ తడికట్టెని ఉపాధి అన్నారు. ఏవన్‌మౌత్‌లో జింకు ఎంత ఉన్నా అది కరిగి అందే రూపంలో ఉంటేనే దెబ్బ. డెవన్‌లో అయితే పొగ వచ్చే గుణాన్నే కట్టెలు పోగొట్టుకున్నాయి.

అంటే విషానికి అలవాటు పడ్డవాడు విషానికి గుర్తుగా పనికిరాడు. అతను బతికి ఉండటాన్నే మనం సాక్ష్యంగా తీసుకుంటే తీర్పు తలకిందులవుతుంది. మిగిలినవాళ్ళని చూపించి, పోయినవాళ్ళు అసలు లేనేలేరని అన్నట్టవుతుంది. పైగా మిగిలినవి క్షేమంగా ఉన్నాయనీ కాదు. కణజాలంలో లోహం కూడబెట్టుకున్న వానపాముని పిట్ట తింటుంది, చుంచెలుక తింటుంది. విషం సర్దుకోలేని ఒంట్లోకి వెళ్తుంది. "వాళ్ళకి అలవాటేనండీ" అన్న మాట ఎక్కడ విన్నా నాకిప్పుడు డెవన్ గని గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ వాసన గురించి, బోరునీళ్ళ రంగు గురించి ఆ మాట అనగా మీరూ వినే ఉంటారు. అలవాటు పడటం బాధితుడి సామర్థ్యం. దాన్ని బాధ పెట్టినవాడి ఖాతాలో జమ వెయ్యడం అన్యాయం.

* * *

మనుషుల దాకా వచ్చాం కాబట్టి హైదరాబాదు పక్కనే ఉన్న పటాన్‌చెరు గురించి మాట్లాడకుండా ఉండలేను. అక్కడి పరిశ్రమల కాలుష్యం మీద రైతులు, వాళ్ళతో పాటు డాక్టర్ అల్లాణి కిషన్ రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. కేసు 1990లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. చేతులు మారి మారి, గ్రీన్ ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. మధ్యలో 2001లో హైదరాబాదు ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు అక్కడి మట్టిలో భారలోహాల మీద పరిశోధనాపత్రం ప్రచురించారు. క్రోమియం, సీసం, ఆర్సెనిక్ లాంటివి మోతాదు మించి ఉన్నాయని చూపించారు.

1990కీ 2017కీ మధ్య ఇరవయ్యేడేళ్ళు. నీళ్ళు మారాయని, పంట పోయిందని, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయని చెప్పే మనుషుల మాటకి ఆ కాలంలో ఉన్న విలువెంత? మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' అని ఒక పుస్తకం రాశారు. ఒక మనిషి చెప్పినదాన్ని, ఆ మనిషి ఎవరన్నదాన్ని బట్టి తక్కువ నమ్మడం కూడా ఒక రకం అన్యాయమే అని ఆమె వాదన. న్యాయదర్శనం భాషలో చెప్పాలంటే, శబ్దంగా వినాల్సినదాన్ని అనుమానం స్థాయికి దించెయ్యడం. మనిషి మాట వినరు. ఆ మనిషి రక్తం, వెంట్రుకలు, గోళ్ళు శాంపిల్‌గా తీసుకుని వాటిని వింటారు. మాట్లాడగలిగినవాణ్ణి వానపాముని చేస్తారు.

దుక్కి దున్నేటప్పుడు నాగలి వెనక కొంగలు వాలడం పల్లెలతో కాస్త పరిచయం ఉన్న ఎవరికైనా తెలుసు. అవి వచ్చేది మట్టిలోంచి పైకి తేలే పురుగుల కోసం, ఎర్రల కోసం. నాగలి వెనక నడిచేవాడికి తన మట్టిలో ఏముందో, ఏం తగ్గిందో ఒక లెక్క ఉంటుంది. అది డబ్బాలో, 48 గంటల్లో, పది వానపాములతో చేసిన లెక్క కాదు కాబట్టి కోర్టులో నిలవదు. నిలవాలని కూడా నేననను. జింకు సంగతి కళ్ళతో చూసి ఎవరూ చెప్పలేరు, దానికి స్పర్జన్ పరీక్షలే కావాలి. నేననేది ఒక్కటే. ఆ మాట వచ్చిన రోజున పరీక్ష మొదలవ్వాలి. పరీక్ష లేదు కాబట్టి మాట లేదనకూడదు.

వానపాముల్ని ప్రశ్న అడిగిన మొదటి పెద్దమనిషి డార్విన్. 1881లో వచ్చిన తన చివరి పుస్తకం మొత్తం వాటి గురించే. కుండీల్లో పెంచుతూ, రాత్రిళ్ళు దీపం పట్టుకుని చూస్తూ, వాటి ముందు పియానో వాయించి, బసూన్ ఊదించి, వాటికి వినపడదని తేల్చుకున్నాడు. అదే పియానో మీద కుండీ పెట్టి మీటితే, అదురు తగిలి బొరియల్లోకి దూరిపోయాయి. ఆకుల్ని ఏ కొస పట్టుకుని లాగుతాయో లెక్కలు రాశాడు. ఆ ప్రశ్నలకి జవాబు చెప్పడంలో వానపాములకి పెద్దగా పోయిందేం లేదు. మనం అడిగే ప్రశ్నలు ఖరీదైనవి. మట్టిని మనం అలా తయారుచేశాం కాబట్టి ఖరీదయ్యాయి. కాబట్టి ఖరీదు మనం కట్టాలి.

ఎలా కట్టాలి అంటే, నా ఉద్యోగం నేర్పిన ఒక చాదస్తం తప్ప నా దగ్గర గొప్ప జవాబు లేదు. సిస్టమ్‌లో ఏదైనా తేడా వస్తే మోగేలా అలర్ట్ పెట్టాలంటే, అది మోగినప్పుడు ఎవరు లేవాలి, ఏం చెయ్యాలి అన్నది ముందే రాసిపెట్టాలి. రాయలేకపోతే ఆ అలర్ట్ పెట్టకూడదు. ఎవరూ లేవని అలర్ట్ రోజూ మోగుతుంటే నాలుగో రోజుకి అందరికీ అదే నిశ్శబ్దంలా వినిపిస్తుంది. మట్టి పరీక్షకీ అంతే అడగొచ్చు అనిపిస్తుంది. పది వానపాముల్ని గీత మీద వదిలే ముందే ఒక కాగితం మీద రాసి ఉండాలి: ఎనిమిది కంటే ఎక్కువ అటు జరిగితే ఏ పొలం నుంచి ఏ పంట ఆపుతాం, ఆ రైతుకి ఎవరు డబ్బు కడతారు, ఏ గొట్టం ఎన్ని రోజుల్లో మూయిస్తాం, ఆ పని ఎవరిది. ఆ కాగితం మీద సంతకం లేకుండా చేసిన పరీక్షలో, జవాబు ఏదైనా, చచ్చిన వానపాములు ఊరికే చచ్చినట్టు. సంతకం ఉంటే మాత్రం, అవి సాక్షులు కాకపోయినా, వాటి చావుకి సాక్ష్యానికి ఉన్నంత బరువు వస్తుంది.